రెండుసార్లు తిన్న కొత్త

దుంపలోవ మొదటినుంచీ పెద్ద ఊరేం కాదు. కొండవాగు గెడ్డ చుట్టూ నాలుగు ఊళ్లుండేవి. దుంపలోవ, జోడివలస, కర్రిపుట్టు, అన్నిటికన్నా పైన కొండ చంకలో ఊటగుడ. ఎవరి పోడు వాళ్లది, ఎవరి గొడ్లు వాళ్లవి. ఒక ఊళ్లో ఆవు తప్పిపోతే మిగతా మూడూళ్లూ వెతికేవి. ఒక ఊరివాడు జీలుగు కల్లు తాగి కూతలు కూస్తే మిగతా మూడూళ్లూ నవ్వుకునేవి.

ఆ కొండల్లో ఊరంటే ఇళ్లు కాదు. ఇళ్లే ఊరైతే ఊటగుడ ఏనాడూ ఊరు కాదు, ఒక కోడి కూస్తే ఊరంతా లేచేటంత ఊరు అది. అయినా దాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేదు. దానికి సొంత జాకరమ్మ తోపు ఉంది. మంచి రోజు చూసి చెప్పే సొంత దిసారి ఉన్నాడు. అందుచేత సొంతంగా మామిడి కొత్త ఉంది. చైత్రంలో కాయ టెంక కట్టే వేళకి దిసారి ఒక రోజు చెబుతాడు. ఆ రోజున తోపులో జాకరమ్మకి మొదటి కాయ పెట్టాలి, ఊరి పెద్ద కొరకాలి, ఆ తరవాతే ఎవరైనా తినాలి. అంతవరకూ చెట్టుకింద రాలిన పిందెని కూడా నోట పెట్టుకోరు. పెట్టుకున్నవాడిని పులి వెతుక్కుంటూ వస్తుందంటారు.

నాలుగూళ్ల కొత్తలూ నాలుగు వేరే రోజుల్లో వచ్చేవి. చుట్టాలు ఒకరింటికొకరు పోవాలి కదా. చుట్టంగా పోయినవాడు కల్లు తాగుతాడు, కోడికూర తింటాడు, కాయ మాత్రం తన ఊరి కొత్త అయ్యేదాకా ముట్టడు. కొత్త అనేది మనిషికి ఏడాదికి ఒక్కసారే. రెండోసారి తింటే అది ఎంగిలి. ఎంగిలి నోటితో ఇంకో ఊరి దేవత ముందు నిలబడ్డవాడు ఉన్నాడంటే, ఆ ఏడాది ఎవరింట ఏ కీడు జరిగినా వాడి నెత్తి మీదికే వస్తుంది. వాడికి పిల్లనివ్వరు, వాడి ఇంట నీళ్లు తాగరు. వాడు ఊరి పెద్ద అయితే ఆ ఊరి మొత్తానికీ అంతే. ఇక సొంత రోజు లేని ఊరు ఇంకో ఊరికి వీధి కింద లెక్క.

ఇలా నడుస్తుండగా రోడ్డు వచ్చింది. అరకు వైపు నుంచి వచ్చి, దుంపలోవ దాకా పాక్కుంటూ వచ్చి, అక్కడ అలిసిపోయినట్టు ఆగిపోయింది. అంతకుముందు సంత నాలుగూళ్లకీ మధ్యన, చింతచెట్ల కింద జరిగేది. ఒక వారం వాన పడుతోందని దుంపలోవ బడి వసారాలోకి మార్చారు. వాన తగ్గింది గానీ సంత మళ్లీ వెనక్కి రాలేదు. సంత వెనక జీపులొచ్చాయి. జీపుల వెనక కాఫీ కొనేవాళ్లు, రాజ్మా కొనేవాళ్లు వచ్చారు. టెలిఫోను బూత్ వచ్చింది. పంచాయితీ ఎన్నికలొస్తే సర్పంచి పదవి కూడా దుంపలోవకే పోయింది. సర్వేశ్వరరావు సర్పంచయ్యాడు.

మనిషి చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఎవరికైనా జ్వరం ముదిరితే జీపు మాట్లాడేవాడు. గిరిజనుల బాగు చూసే ఐటీడీఏ ఆఫీసులో కాఫీ మొక్కలిస్తున్నారంటే నాలుగూళ్లకీ కబురు పంపేవాడు. ఒక్కటే, ఏ సాయం చేసినా మనిషిని రెండుసార్లు తన దగ్గరికి రప్పించుకునేవాడు. ఒకసారి అడగడానికి, ఒకసారి తీసుకోవడానికి.

ఊరు పెరిగింది, పాకలు పోయి పెంకుటిళ్లొచ్చాయి, పై ఊళ్లనుంచి కూడా మనుషులు దిగొచ్చి కాపురాలు పెట్టారు. నీళ్లు మాత్రం పెరగలేదు. ఎండాకాలం వస్తే దుంపలోవ బోరు బురద కక్కేది. ఆ నాలుగూళ్ల పొలిమేరలో ఎండాకాలంలో కూడా ఆగని నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. ఊటగుడ తోపులో, జాకరమ్మ రాళ్ల కిందనుంచి వచ్చే ఊట.

ఊటగుడ పెద్ద పేరు సుక్రు. తాను ఊరి పెద్దనన్న సంగతి అతను మరిచిపోయిన రోజు లేదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో సర్వేశ్వరరావు కొండెక్కి ఊటగుడ వచ్చాడు. రోడ్డు చివర మోటారుసైకిలు పెట్టి, మిగతా దారి నడిచి వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు కర్రకి కట్టి పెద్ద అల్యూమినియం డేక్సా మోసుకొచ్చారు. ఊరందరికీ ఒక్కసారి వండేంత డేక్సా. సుక్రు వాకిట్లో దింపారు.

"పెళ్లికీ పేరంటానికీ అడుక్కోనక్కర్లేకండా ఊరికి ఉంటాదని తెచ్చినాను మావా," అన్నాడు సర్వేశ్వరరావు, అరుగు మీద కూచుంటూ.

సుక్రు పెళ్లాం సోములమ్మ అంబలి తెచ్చి ఇచ్చింది. డేక్సాలోకి తొంగి చూసి, "ఇందల బియ్యం పొయ్యాలంటే మా ఊరు పంటంతా పొయ్యాల అల్లుడా. బియ్యం కూడా తేకపోనావా," అంది.

అందరూ నవ్వారు. సర్వేశ్వరరావు కూడా నవ్వి, అంబలి తాగి, మూతి తుడుచుకున్నాడు.

"మావా, ఈ ఏడు మామిడి కొత్త నాలుగూళ్లూ ఒక్కరోజే సేద్దాం. మా ఊళ్లో. అందరం ఒక్కటని తెలుస్తాది. ఐటీడీఏ వోళ్లూ వొత్తారు, మన బాధలు సూత్తారు. ఇడివిడిగా ఉంటే మనల్ని ఎవుడు లెక్కసేత్తాడు సెప్పు."

"బాగానే ఉంది," అన్నాడు సుక్రు. "రోజు ఎవురు సెప్తారు?"

"మా దిసారి సెప్తాడు."

"మా జాకరమ్మకి?"

"మా పూజారే వొచ్చి ఆ రోజు పొద్దున్న నీ తోపుల పూజ సేసీసి కిందికి దిగుతాడు. మీకు పని తగ్గుద్ది. మీ దిసారి భీముడికి కళ్లు కూడా సరిగా ఆనట్లేదు కదా."

తోపులో పూజ ఎవరు చేస్తే తోపు వాళ్లది. అందులో చెట్టు కొట్టాలన్నా, రాయి కదపాలన్నా, నీళ్లు మళ్లించాలన్నా పూజ చేసినవాడి మాటే. ఇది సుక్రుకి తెలుసు, సర్వేశ్వరరావుకీ తెలుసు. ఇద్దరూ డేక్సా వైపు చూస్తూ కూచున్నారు.

"ఆలోసించి సెప్తాను అల్లుడా."

"ఆలోసించు. జోడివలస వొప్పుకుంది. కర్రిపుట్టు సంగతి నీకు తెలుసు," అని సర్వేశ్వరరావు లేచాడు. దిగేటప్పుడు తోపు పక్కనుంచే దిగాడు. ఊట దగ్గర ఒంగి, దోసిలితో నీళ్లు తాగి, కాసేపు దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. సుక్రు అరుగు మీదనుంచి అదంతా చూశాడు.

మర్నాడు సుక్రు జోడివలస వెళ్లాడు. ఆ ఊరి పెద్ద ఫల్గుణ వలిసె చేలో ఉన్నాడు. వయసులో చిన్నవాడు, మాట చురుకు. జోడివలస అందరికన్నా ముందే దుంపలోవ పక్కన చేరింది. దానికి బడి వచ్చింది, గ్రావెల్ రోడ్డు వచ్చింది. పోయినేడాది నుంచీ వాళ్ల కొత్త కూడా దుంపలోవలోనే.

"నీకేటి అనిపిస్తాది తమ్ముడా," అని అడిగాడు సుక్రు. "మనం మూడూళ్లూ ఒక్క మాట మీద నిలబడితే ఆడేటి సెయ్యగలడు?"

ఫల్గుణ కొడవలి కిందపెట్టాడు. "మూడూళ్లు కలిపితే ఎంతన్నా? ఆ ఊళ్లో ఒక్క సంతరోజు తాగి పడిపోయినోళ్లంత ఉండం. ఎండ ఎటు కాస్తే అటు ఆరబెట్టుకోవాల. నాను అదే సేసినాను. నా గుంటలు బడికెల్తన్నారు."

"నీ దిసారి ఏటి సేత్తన్నాడు ఇప్పుడు?"

ఫల్గుణ వలిసె పువ్వొకటి తుంపి, వేళ్ల మధ్య నలిపాడు. "కాఫీ తోటల కూలికెల్తన్నాడు," అని, "మంచి కూలే ఇత్తారు," అని కూడా అన్నాడు.

అక్కణ్ణుంచి సుక్రు కర్రిపుట్టు పోయాడు. కర్రిపుట్టు పెద్ద సోమన్న ముసలివాడు, మొండివాడు. రెండేళ్ల కింద సర్వేశ్వరరావు ఇదే మాట అతనితో అంటే, నా తోపులో కాలు పెడితే గొడ్డలితో మాట్లాడతానన్నాడు. సర్వేశ్వరరావు గొడ్డలికి ఎదురుపడలేదు. ఏమీ అనలేదు కూడా. అప్పటినుంచీ సంతలో కర్రిపుట్టు వాళ్ల బుట్టలకి చోటు దొరకడం మానేసింది. ఎక్కడ దింపినా ఇది ఫలానా వాళ్ల చోటు అనేవారు. జీపులవాళ్లు వాళ్లని చూసి ఆపకుండా పోయేవారు. వాళ్ల పసుపు, మిరియాలు చాటుగా జోడివలస వాళ్ల చేత అమ్మించుకునేవారు. సంబంధాలకి పోతే, చూద్దాం చూద్దాం అని పంపేసేవారు.

సోమన్న గుమ్మంలో వెదురు చీలుస్తున్నాడు. సుక్రుని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఏటి, నీ ఇంటికీ వొచ్చినాదేటి డేక్సా?"

"వొచ్చినాది అన్నా."

"నాకైతే దుప్పట్లు తెచ్చినాడు. నా దుప్పటి నాకుందిరా అన్నాను." వెదురుబద్దని కాలివేళ్ల మధ్య బిగించాడు. "ఇప్పుడు ఎందుకొచ్చినావు?"

"కలిసి ఉందామని."

సోమన్న నవ్వాడు. నవ్వులో సంతోషం లేదు. "రెండేళ్ల కింద నాను నీ వాకిట్లోకి వొచ్చి ఇదే మాట అన్నాను. అప్పుడు ఏటన్నావు? సూద్దారి అన్నా, ఆడు మన జోలికి రాడు అన్నావు. అప్పుడు ఆడు నీ జోలికి రాలేదు, అదీ నిజమే. నా జోలికొచ్చినాడు."

సుక్రు తల దించుకున్నాడు.

"నీ మీద కోపం లేదురా సుక్రూ. మా కోడలు ఉప్పు కోసం సంతకెళ్లి, సాటుగా ఏడ్చి ఇంటికొస్తాది. ఇక నాకు ఇంకొకడి కోసం నిలబడే ఓపిక లేదు. నీది నువ్వు సూసుకో."

తిరిగివచ్చేటప్పుడు ఎండ గట్టిగా ఉంది. దారిపొడుగునా సుక్రు ఒకటే లెక్క వేసుకున్నాడు. ఫల్గుణలాగా తోపు ఇచ్చేస్తే ఊట పోతుంది. సోమన్నలాగా కాదంటే ఉప్పు దొరకదు. తోపూ ఉండాలి, సంతా ఉండాలి. ఇంటికి చేరేసరికి అతనికి ఒక దారి తట్టింది. తట్టగానే గుండె తేలికపడింది. ఊళ్లో తెలివైనవాడన్న పేరుంది మరి.

ఊటగుడ దిసారి భీముడు, సోములమ్మకి అన్న, సుక్రుకి బావ. కళ్లు మసకబారినా, చుక్కలు ఎక్కడున్నాయో మనసులోనే చూసుకోగలడు. సుక్రు ఆ ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పాడు.

"మన రోజు మనం సూసుకుందారి. ఆళ్ల రోజుకి ముందే. డప్పు లేకుండా, కేక లేకుండా. తోపుల పూజ మనమే సేసీసి, మన జాకరమ్మకి కాయ పెట్టీసి, ఇంటికొక మనిషి తిందారి. తరవాత ఆళ్ల రోజున ఆళ్ల పూజారి వొత్తాడా, రానీ. అప్పటికి పూజ మనది అయిపోయుంటాది. మన జాకరమ్మకి తెలుస్తాది ఎవురిదో. కిందకెళ్లి ఆళ్లతో కూడా తింటాం. ఆడికి సంబరం, మనకి తోపు."

భీముడు మెల్లగా అన్నాడు.

"బావా, కొత్త రెండుసార్లు ఉండదు."

"తెలుసు."

"తెలిసి సేత్తన్నావా?"

"ఊరు నిలబడాలి కదా బావా."

"ఊరు నిలబడ్డానికే కదా కొత్త ఒక్కసారి పెట్టినారు మనోళ్లు. రెండోది నువ్వు ఎవురి ముందు తింటావు? ఆళ్ల దేవత ముందు. ఆ దేవతేటి సర్వేశ్వరరావు పెళ్లామా, మోసం సేసీసి తరవాత నవ్వీడానికి?"

సోములమ్మ మధ్యలో కలగజేసుకుంది. "మా అన్నకి రోజు సెప్పడం తప్ప ఊరు నడపడం తెల్దు. నీకు ఊరు నడపడం తప్ప బయమే తెల్దు. నాను మజ్జిన నీల్లు మోసుకుంటన్నాను. ఆ ఊట పోతే కుండెత్తుకుని ఏ గెడ్డకి ఎల్లాల నాను? తినండి. ఒకసారి తినండి, రెండుసార్లు తినండి, ఊట మాత్రం ఒగ్గీకండి."

అలా ఒప్పుకున్నారు. సుక్రు దుంపలోవకి సరేనని కబురు పంపాడు. దుంపలోవ దిసారి రోజు చెప్పాక, భీముడు దానికి ముందర ఒక రోజు చెప్పాడు. మంచి రోజు కాదు, ఉన్నవాటిలో అదే నయం అన్నాడు.

అయితే ఆ ఏడాది పూత ఆలస్యమైంది. వాళ్ల రోజు నాటికి కాయలు ఇంకా గట్టిబడలేదు, చర్మం కాల్చే జీడి పాలు నిండా ఉన్నాయి. తెల్లవారగానే తోపులోకి పోయారు, ఇంటికొకరు. డప్పు లేదు. ఆడవాళ్ల పాట లేదు. కోడిని కూడా నోరు మూసి పట్టుకుని కోశారు. అదంతా చూస్తుంటే పండగలా లేదు, దొంగతనం చేసినట్టే ఉంది. భీముడు నసుగుతున్నట్టు మంత్రం చదివాడు. జాకరమ్మ రాళ్ల మీద కాయ పెట్టి, రెండో కాయ సుక్రు చేతికిచ్చాడు. ఆనవాయితీ ప్రకారం ఊరి పెద్ద దాన్ని కత్తి పెట్టకుండా, తొడిమ దగ్గరే కొరకాలి.

సుక్రు కొరికాడు. తొడిమనుంచి జీడి చిమ్మి మూతి మీద పడింది. కుడివైపున, పెదవి చివర నుంచి గడ్డం దాకా. సుర్రుమంది. తుడుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

మర్నాటికి అక్కడ నల్లగా కమిలి, పొక్కింది. సోములమ్మ ఆముదం రాసింది, పసుపు రాసింది, వెన్న రాసింది. రాసిన కొద్దీ అది మరింత నల్లబడింది.

"కొండలో ఉన్న మందంతా పూసేసినాను. ఇక మూతే మార్చాల," అంది ఆమె.

"గడ్డం పెంచుతాను."

"నీకు గడ్డమెప్పుడు వొచ్చినాది. మేక నయం."

నవ్వుదామనుకున్నాడు. చర్మం లాగి నొప్పి పెట్టింది. వెళ్లకుండా ఉండిపోదామా అని కూడా అనుకున్నాడు. పెద్ద రాకపోతే ఊరు రానట్టే. ఊరు రాకపోతే కర్రిపుట్టు పక్కన రాసేస్తారు. దుంపలోవ చెప్పిన రోజు పొద్దున్న వాళ్ల పూజారి తోపులో పూజ చేసి దిగిపోయాక, రుమాలు నోటికి అడ్డంగా చుట్టుకుని బయలుదేరాడు.

దుంపలోవ ఆ రోజు దుంపలోవలా లేదు. రంగు కాగితాలు కట్టారు. షామియానా వేశారు. మైకు పెట్టారు, అందులో దిసారి దగ్గినా కొండ అవతలికి వినిపించింది. థింసా ఆడేవాళ్లు వరసకట్టి నిలబడ్డారు. కర్రిపుట్టు నుంచి ఎవరూ రాలేదు, వాళ్లకి ఎవరూ చెప్పనూ లేదు. దుంపలోవ జాకరమ్మ రాళ్ల ముందు ముగ్గురు పెద్దలూ వరసగా నిలబడాలి. సర్వేశ్వరరావు, ఫల్గుణ, సుక్రు. ముగ్గురూ కలిసి కాయల బుట్టని ఎత్తి దేవత ముందు దించాలి. ఎంగిలి కాని నోరున్నవాళ్లే బుట్ట ముట్టాలి.

"రుమాలు తీసీయి మావా," అన్నాడు సర్వేశ్వరరావు పక్కనుంచి. "దేవత ముందు."

సుక్రు తీశాడు.

సర్వేశ్వరరావు ఒక్కసారి చూసి, మళ్లీ బుట్ట వైపు తిరిగాడు. "మూతికేటైంది?"

"అడ్డపొగ కాలినాది అల్లుడా." ఆ కొండల్లో చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్లు ఉన్నారు. సుక్రు కూడా కాలుస్తాడు. దారిలో బాగా ఆలోచించుకున్న మాటే అది.

"అడ్డపొగైతే నోరు లోపల కాలుద్ది కదా మావా. బైటకి కూడా కాల్తాదేటి?"

ఫల్గుణ ఫక్కున నవ్వాడు. నవ్వి, సుక్రు మూతి వంక చూసి, నవ్వు ఆపేసుకుని తల పక్కకి తిప్పుకున్నాడు. మామిడి చెట్ల కింద పుట్టి పెరిగినవాడికి జీడిమచ్చ తెలియకపోదు.

"ఎత్తు మావా," అన్నాడు సర్వేశ్వరరావు. గొంతులో కోపం లేదు. "జనం సూత్తన్నారు."

ఆ క్షణాన సుక్రు బుట్ట ముట్టకుండా వెనక్కి తగ్గి ఉంటే ఎలా ఉండేదో. అతనూ తరవాత చాలాసార్లు అదే అనుకున్నాడు. తగ్గితే అందరి ముందూ ఒప్పుకున్నట్టే. ముగ్గురూ బుట్ట ఎత్తారు. పూజారి కాయ కోసి ముక్క చేతిలో పెట్టాడు. సుక్రు నోట్లో వేసుకుని నమిలాడు. మైకులో డప్పు మోగింది. ఊటగుడ నుంచి వచ్చినవాళ్లు ఎవరి వంకా చూడకుండా తిన్నారు. వెనకాల ఎక్కడో భీముడు ఉండాలి. అతని కోసం చూస్తే కనపడలేదు, తినకుండానే కొండెక్కిపోయాడని తరవాత తెలిసింది.

నాలుగు రోజులు గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. సుక్రు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అయిదో రోజు సర్వేశ్వరరావు ఒక్కడే వచ్చాడు. ఈసారి ఏమీ మోయించుకు రాలేదు. అరుగు మీద కూచోకుండా, రా మావా అని సుక్రుని తోపు దాకా నడిపించుకుపోయాడు. ఊట పక్కన చెప్పులు విడిచి, రాతి మీద కూచున్నాడు.

"నువ్వు తిన్నది రెండో కొత్త."

సుక్రు కాదనలేదు. కాదనడానికి వీల్లేకుండా మూతి మీదే ఉంది సాక్ష్యం.

"నాను ఎవురికీ సెప్పను మావా. నాకెందుకు? ఫల్గుణ కూడా సెప్పడు, నాను సెప్పొద్దన్నాను. కానీ ఈ ఏడు ఇంకా శానా ఉంది. ఎవురింట్లోనో గుంటకి జ్వరమొత్తాది. వడగళ్ల వాన పడి కాఫీ పూత రాలిపోద్ది. అప్పుడు మా దిసారిని అడుగుతారు, ఎందుకిలా జరిగినాదని. ఆయనా సూసినాడు నీ మూతి. ఆయన నోరు నాను ఎన్నాళ్లు మూయగలను?"

"ఏటి కావాలి నీకు," అన్నాడు సుక్రు.

"నాకేటి కావాలి. మా ఊళ్లో ఆడోళ్లు బురద వొడగట్టుకుని తాగుతన్నారు. ఇక్కడ నీల్లు గెడ్డలో కలిసిపోతన్నాయి. పైపు పడితే ఊరు బతుకుద్ది. నీ ఊరికీ ఒక కుళాయి పెట్టిత్తాను. తోపు మీదే, జాకరమ్మ మీదే, నాను అడిగినానా? నీల్లు ఇత్తన్నామని నువ్వే నీ నోటితో మీ ఊరోళ్లకి సెప్పు. నాను అడిగినానని సెప్పకు. పెద్దమనిషి ఇచ్చినట్టుంటాది."

అతను అన్నది అబద్ధమేం కాదు. దుంపలోవలో ఆడవాళ్లు నిజంగానే బురద వడగట్టుకుంటున్నారు. అదే సుక్రుకి ఎక్కువ బాధ కలిగించింది. మొదటే వచ్చి, నీళ్లు లేవు మావా, ఇవ్వమని అడిగుంటే ఏమనేవాడో. ఊరిని కూచోబెట్టి, జాకరమ్మకి కోడి పెట్టి, ఇచ్చేవాడేమో. ఇవ్వకపోనూ వచ్చు. ఏదైనా అది తన చేతిలో ఉండేది.

మర్నాడు సుక్రు ఊరివాళ్లని పిలిచి చెప్పాడు. మన ఊట నీళ్లు దుంపలోవకి ఇస్తున్నాం, నేనే మాటిచ్చాను అన్నాడు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. వెనక వరసలోంచి ఒకడు, "డేక్సా ఖరీదు ఇదేటి పెద్దా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సోములమ్మ చెంగు దులుపుకుని లేచి ఇంట్లోకి పోయింది. జీడి సంగతి ఆమెకి తెలుసు, దానివల్ల ఏం వచ్చిందో కూడా ఊహించింది. కానీ ఒక్క మాట కూడా బయటికి అనలేదు. ఇంట్లో కూడా అనలేదు. ఆ మౌనం ఆ ఇంట్లో చాలాకాలం ఉండిపోయింది.

భీముడు మాత్రం ఒకసారి అన్నాడు. "నువ్వు ఆడిని మోసం సేసినానన్నావు. ఆడు మోసపోలేదు బావా. ఆడు కాసుకున్నాడు."

వైశాఖంలో పని మొదలైంది. దుంపలోవ మనుషులు, జోడివలస మనుషులు కలిసి కాలువ తవ్వారు. ఊటగుడ వాళ్లు కూడా కూలికి తవ్వారు. తవ్వకపోతే బాగుండదన్నాడు సుక్రు. జాకరమ్మ రాళ్లని కదపలేదు, ఆ మాట నిలబెట్టుకున్నారు. రాళ్ల కింద ఊట చుట్టూ సిమెంటు తొట్టె కట్టి, మీద ఇనప మూత వేసి, చెత్త పడకుండా తాళం పెట్టారు. తాళంచెవి పంచాయితీ ఆఫీసులో ఉంటుందన్నారు. తోపులో ఇక నీళ్ల చప్పుడు లేదు. అన్న మాట ప్రకారం ఊటగుడలో ఊరి మొదట కుళాయి పెట్టారు.

కుళాయికి నీళ్లు వచ్చాయి. ఆ ఎండాకాలం వచ్చాయి, వానాకాలం వచ్చాయి. తరవాత ఏడాది ఎండాకాలంలో, దుంపలోవలో కొత్తగా కట్టిన ట్యాంకు నిండేదాకా పైన రావు అన్నారు. దాని కోసం పైపు మీద ఏదో తిప్పి పైకి నీళ్లు ఆపుతారట. సోములమ్మ కుండ పట్టుకుని కుళాయి దగ్గర నిలబడితే ముందు గాలి వచ్చేది. బుస్సుమని వచ్చి, ఆగిపోయేది. ఆమె కింద గెడ్డకి దిగడం మొదలుపెట్టింది. రెండోసారి దిగి ఎక్కొచ్చినప్పుడు గుమ్మంలో కుండ దింపి, సుక్రుతో చాలాకాలానికి ఒక మాట అంది.

"ఎల్లి అడుగు. నువ్వు అలవాటు సేసుకోవాల ఇది."

సుక్రు దిగాడు. గ్రావెల్ రోడ్డు మీదుగా, సంత మీదుగా, సర్వేశ్వరరావు కొత్త ఇంటికి వెళ్లాడు. వరండాలో బల్ల వేసి ఉంది. బల్ల మీద ఫల్గుణ కూచుని ఉన్నాడు, చేతిలో చుట్ట ఆరిపోయి ఉంది. ఎంతసేపట్నుంచో కూచున్నట్టున్నాడు.

"నువ్వెందుకొచ్చినావు తమ్ముడా?"

"మా బడి పంతుల్ని ఈ ఊరి బడికి మార్చేసినారు. రెండు నెలలయినాది." ఫల్గుణ అతని వంక చూడలేదు. తరవాత బల్ల మీద కొంచెం పక్కకి జరిగాడు.

"కూకో అన్నా. ఆడు బేగి రాడు."